చేప తేలిన పొద్దు

పక్కింటి సంపూర్ణమ్మ గారు చెప్పిన దాన్ని బట్టి దుర్గాసాయి ఉద్యోగం ఊడింది. ఊడిందో, తనే ఊడగొట్టుకున్నాడో ఆవిడకీ సరిగ్గా తెలీదు గానీ, ఊడటం మాత్రం నిజమేనట. ఆవిడకి చెప్పింది పాలుపోసే మనిషి. ఉండి ఊరెళ్ళే రోడ్డులో రైలుగేటు పడి అందరూ ఆగి ఉంటే అతను కళ్ళారా చూశాడట. మొన్నటిదాకా మెళ్ళో టై కట్టుకుని, తోలుసంచీ పట్టుకుని, భీమవరంలో ఏ పెద్దాసుపత్రికెళ్ళినా డాక్టరుగారి గదిలోకి తిన్నగా వెళ్ళిపోయే మనిషి, ఇప్పుడు మోటారుసైకిలు వెనకాల తెల్లటి ప్లాస్టిక్కు చక్రం ఒకటి తాళ్ళతో బిగించుకుని పోతున్నాడట. ఆ చక్రం చుట్టూతా గరిటెలట. "పెళ్ళిళ్ళకి వంటసామాను అద్దెకిచ్చే యాపారం గానీ పెట్టాడేమో కనుక్కోమ్మా సత్యశ్రీ, మా మనవరాలి ఓణీల ఫంక్షను దగ్గర్లోనే ఉంది" అందట సంపూర్ణమ్మ గారు, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి.

సత్యశ్రీ ఈ మాటలన్నీ పొల్లుపోకుండా మొగుడికి అప్పజెప్పింది. చెప్పేటప్పుడు సంపూర్ణమ్మ గారి గొంతు కూడా అచ్చుగుద్దినట్టు దింపింది గానీ, నవ్వలేదు.

"వంటసామాను కాదని చెప్పలేకపోయావా?" అన్నాడు దుర్గాసాయి కంచం ముందు కూర్చుంటూ.

"మరేంటని చెప్పమంటారు? చేపలకి విసనకర్రలని చెప్పనా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు. ఎనిమిదేళ్ళుగా ఒక మద్రాసు కంపెనీ తరఫున ఆసుపత్రులకి మిషన్లు అమ్ముతున్నాడు అతను. గుండె గీతలు చూపించేవి, సెలైను చుక్కలు లెక్కపెట్టేవి, అన్నిటికన్నా ఘనంగా, ఊపిరాడని మనిషికి ఊపిరి పోసే వెంటిలేటర్లు. ఆ ఉద్యోగం మానేస్తున్నానని నిన్న, బుధవారంనాడు, కంపెనీకి ఫోను చేసి చెప్పేశాడు. ఆక్వా షాపు మురళీకృష్ణ దగ్గర చేరి చెరువులకి ఏరియేటర్లు అమ్ముతానంటున్నాడు. నీళ్ళ మీద తెప్పలా తేలుతూ, గరిటెల చక్రాలతో నీటిని పైకి చిమ్మి అందులో గాలి కలిపే మిషన్లవి. రొయ్యల చెరువులవాళ్ళు అక్కడక్కడ పెడుతున్నారు. చేపల చెరువులవాళ్ళు మాత్రం తిరునాళ్ళలో రంగులరాట్నం చూసినట్టు కాసేపు ముచ్చటగా చూసి, టీ ఇచ్చి పంపించేస్తున్నారు.

సత్యశ్రీ పప్పు వడ్డిస్తూ అంది. "మా నాన్నకి ఆయాసం ఎక్కువైన రోజు గుర్తుందాండీ? నోరు తెరుచుకుని, కళ్ళు పైకేసి... ఆసుపత్రిలో మంచాలు లేవంటే లేవన్నారు. మీ పేరు చెబితేనే దొరికింది. ఇవాళ ఆయన ఇంట్లో తిరుగుతున్నారంటే ఆ మంచం వల్లే. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే ఎవరి పేరు చెప్పమంటారు?"

అన్నం కలిపే చెయ్యి ఆగింది. "అందుకేనే మానేసింది" అన్నాడు.

"ఎందుకూ?"

"నిన్న ఒక నర్సింగుహోముకి వెళ్ళానా. అక్కడి వెంటిలేటరు నేనమ్మిందే. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా రాయించారు, వెంటిలేటరు సౌకర్యం కలదని. నేను వెళ్ళేసరికి ఎవరో ముసలావిడ బల్ల మీద ఎగపోస్తోంది, అచ్చం మీ నాన్నలాగే. కొడుకు కాబోలు, కనిపించిన వాళ్ళందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. ఆవిణ్ణి స్ట్రెచరెక్కించి, నా మిషను పక్కనించే తోసుకుంటూ తీసుకెళ్ళి, అంబులెన్సులో వేసి విజయవాడ పొమ్మన్నారు. మిషను మీద ప్లాస్టిక్కు కవరు అలాగే ఉంది సత్యా. కట్టిన తాడు కూడా విప్పలేదు. డాక్టరుగార్ని అడిగాను. 'దాన్ని నడిపే మనిషేడయ్యా సాయీ? అది బోర్డు కోసం కొన్నది' అన్నాడు. నాకు టీ తెప్పించాడు."

"ఆవిడేమైంది?"

"తెలీదు." కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఊపిరి అమ్ముతున్నాననుకున్నాను. ఇన్నాళ్ళూ నేనమ్మింది బోర్డులు."

సత్యశ్రీ మజ్జిగ గిన్నె అతని ముందుకి జరిపింది. "మీ మేనేజరుగారు ఇందాక ఫోను చేశారు. రాజమండ్రి బ్రాంచి మీకే అప్పగిస్తారంట. ఆదివారం పొద్దున్న మళ్ళీ చేస్తారంట, మీరు ఊ అంటే చాలంట. నేను ఆదివారం దాకా నోరెత్తను. ఈలోపు మీ గరిటెల చక్రం ఒక్కటంటే ఒక్కటి ఎవరన్నా తీసుకుంటే, సరే, మీ ఇష్టం. తీసుకోలేదా, ఊ అనండి."

"అలాగే" అన్నాడు దుర్గాసాయి.

మహాలక్ష్మమ్మ గారి చెరువులు ఉండి ఊరు దాటాక, కాలవ అవతల ఉన్నాయి. మొగుడు పోయాక వరిచేలు తవ్వించి చెరువులు చేసింది ఆవిడే. మగాళ్ళెవరూ ధైర్యం చెయ్యని రోజుల్లో చేసింది. ఆవిడ గట్టు మీద ఒక్క ఏరియేటరు తిరిగితే చాలు, చుట్టుపక్కలవాళ్ళందరూ వాళ్ళే షాపుకొస్తారని మురళీకృష్ణ చెప్పి పంపించాడు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాడు. టై మానేశాడు గానీ ఇస్త్రీ చొక్కా, బూట్లు మానలేకపోయాడు. గట్టెక్కేసరికే బూట్లకి చెరో వీశెడు బురద అంటుకుంది. అలా కాళ్ళు ఈడ్చుకుంటూ పైకెక్కి, తలెత్తి చూసి, నిలబడిపోయాడు.

చెరువంటే అతను రోడ్డు మీంచి చూసినదే, బస్సు కిటికీలో మెరుస్తూ వెనక్కి పోయేది. గట్టు మీద నిలబడితే అది వేరే సంగతి. అవతలి గట్టు మీద మనిషి కొంగంత కనిపిస్తున్నాడు. మధ్యలో ఆకాశమంతా బోర్లించి పెట్టినట్టుంది. నీళ్ళలో వరసాగ్గా వెదుళ్ళు పాతి ఉన్నాయి. అది మేత కట్టే వేళ. ఇద్దరు మనుషులు పడవలో నిలబడి, తవుడూ చెక్కపిండీ కలిపి నింపిన సంచుల్ని ఒక్కో వెదురుకీ కట్టుకుంటూ వస్తున్నారు. సంచి అడుగున సన్నటి చిల్లులు పొడిచి ఉంటాయి. చేప కిందినించి వచ్చి మూతితో పొడిస్తే మేత రాలుతుంది. కట్టే మనిషి చెయ్యి చూడ్డానికి ముచ్చటగా ఉంది. సంచి మెడ పట్టుకోవడం, తాడు రెండు చుట్లు తిప్పడం, మోకాలితో వెదుర్ని ఆపి ముడి బిగించడం, అన్నీ ఒకే కదలికలా అయిపోతున్నాయి. ముడి పడిందో లేదో పడవ రెండో వెదురు దగ్గర ఉంటోంది.

మొదటి సంచి కింద నీళ్ళు నల్లబడ్డాయి. ఏదో నీడ పడిందనుకున్నాడు. నీడ కదిలింది. ఒక వెన్ను మెరిసింది, దాని పక్కన ఇంకోటి. చూస్తూ ఉండగానే ఆ వెదురు చుట్టూ నీళ్ళు తుకతుక ఉడకడం మొదలెట్టాయి. శీలావతి చేపలు ఎర్రటి రెక్కలతో ఒకదాని మీంచి ఒకటి దొర్లుతున్నాయి. వాటి కిందినించి పలకల్లాంటి తలలతో బొచ్చె చేపలు తోసుకొస్తున్నాయి. వెదురు వణుకుతోంది. ఆ వరసలో వెదుళ్ళన్నీ, కంటికి ఆనినంత దూరం, ఒకదాని తర్వాత ఒకటి వణకడం మొదలెట్టాయి. ఇన్ని ప్రాణాలు ఒక్కచోట ఉంటాయని దుర్గాసాయికెవరూ చెప్పలేదు.

"అమ్మ బాబోయ్!" అని కేకేశాడు. "ఎంత చేపండీ అమ్మగారూ! నీళ్ళకన్నా చేపే ఎక్కువుందే!"

పడవలో మనిషి ముడి వేస్తున్నవాడల్లా ఆగిపోయి ఇటు చూశాడు. గట్టు మీద లెక్క చూసుకునే జీవరాజు పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మాడు. షెడ్డు నీడలో నులకమంచం మీద కూర్చున్న మహాలక్ష్మమ్మ గారు లేచి నిలబడింది. సన్నటి మనిషి, చెవులకి దుద్దులు తప్ప ఒంటి మీద నగలేమీ లేవు.

ఆసుపత్రుల్లో అతను నేర్చుకున్న మొదటి పాఠం మెచ్చుకోవడం. జిల్లా మొత్తంలో ఇలాంటి థియేటరు లేదండీ డాక్టరుగారూ అనేవాడు గుమ్మంలో అడుగు పెడుతూనే. కుర్చీ చూపించేవాళ్ళు. చెరువుల దగ్గర ఆ పాఠం పనికిరాదని అతనికేం తెలుసు? అక్కడ ఎవడూ చెరువుని పైకి మెచ్చుకోడు. సొంతదారుని అడిగినా, ఏవో నాలుగు పిల్లలు తిరుగుతున్నాయండీ అంటాడు గానీ, ఉందని చచ్చినా అనడు.

"ఏ ఊరబ్బాయ్ మీది?" అంది మహాలక్ష్మమ్మ గారు.

"రామచంద్రపురం దగ్గరండి. మాకు కొబ్బరితోటలుండేవండి."

"గెల చూసినప్పుడల్లా అక్కడ కూడా ఇలాగే అరుస్తారా?"

"అది కాదండమ్మా, నేను మొదటిసారి..."

"సరే, వెళ్ళిరా. నీ మిషను సంగతి తర్వాత చూద్దాం." అతను రెండడుగులు వేశాడో లేదో వెనకనించి ఆవిడ గొంతు వినిపించింది. "జీవరాజూ, ఎండుమిరపకాయలూ కళ్ళుప్పూ పట్రా. తిప్పి నిప్పుల్లో వెయ్యి."

మిరపకాయల ఘాటు మలుపు దాకా వెంటొచ్చింది.

"సచ్చావు పో!" అన్నాడు మురళీకృష్ణ సంగతంతా విని, కౌంటరు మీద చరిచి నవ్వుతూ. "ఆవిడ చెరువు మీదా నువ్వు నోరు పెట్టింది! ఇంక ఆ రోడ్డులో నీ మోటారుసైకిలు కనిపిస్తే చాలు, మిరపకాయలు పుచ్చుకుని పరిగెత్తుకొస్తారు జనం."

శనివారం మరో ఇద్దరి దగ్గరికెళ్ళాడు. అప్పటికే కబురు పాకింది. ఒకాయన గట్టెక్కనివ్వకుండానే, "మీరక్కడే ఉండండి, నేనే వస్తాను" అంటూ ఎదురొచ్చి, రోడ్డు మీదే మాట్లాడి పంపించాడు.

ఆ రోజంతా మబ్బు. వాన పడదు, ఎండ రాదు. కొబ్బరాకు కూడా కదలని ఉక్క. సాయంత్రం అతను ఇంటికొచ్చాక సత్యశ్రీ బీరువాలోంచి టై తీసి, తడిబట్ట వేసి ఇస్త్రీ చేసి, కుర్చీ వీపు మీద వేలాడదీసింది. అతను దాన్ని చూశాడు. ఆమె అతను చూడటం చూసింది. ఇద్దరూ అన్నాలు తిని పడుకున్నారు.

ఆదివారం ఇంకా తెలవారకముందే గేటు దబదబ బాదారు ఎవరో. దుర్గాసాయి లుంగీ సవరించుకుంటూ వెళ్ళి చూస్తే జీవరాజు. మోటారుసైకిలు ఇంజను ఆపకుండానే నిలబడున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, నడుం దాకా తడి.

"చేప తేలిందండి!" అన్నాడు. "చెరువు చెరువంతా మూతులు పైకెట్టేసిందండి."

దుర్గాసాయికి నిద్రమత్తు వదిలిపోయింది. మబ్బు పట్టిన రోజున నీళ్ళలో గాలి పుట్టదు. ఉన్న గాలిని రాత్రంతా చేప పీల్చేసుకుంటుంది. తెల్లారేసరికి ఇంక లోపల ఏమీ మిగలక, అంతా పైకొచ్చి నీటి మీద నోళ్ళు తెరుస్తుంది. అప్పుడేం చెయ్యకపోతే పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే.

"మీరన్న మాటే తగిలిందండి" అన్నాడు జీవరాజు. "అమ్మగారు మిమ్మల్ని ఎక్కడున్నా పట్టుకురమ్మన్నారు."

"కొట్టడానికా?" అంది సత్యశ్రీ వెనకనించి.

జీవరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. "అదేం చెప్పలేదండమ్మా. మిషన్లతో రమ్మన్నారండి."

పిట్టగోడ అవతల సంపూర్ణమ్మ గారింట్లో లైటు వెలిగింది. సత్యశ్రీ జడ ముడేసుకుని, చెప్పులేసుకుంది. "నేనూ వస్తాను. వాళ్ళేమన్నా అంటే పక్కన మనిషుండాలి కదా" అంది. మురళీకృష్ణని లేపి, గొడౌను తెరిపించి, రెండు ఏరియేటర్లని ట్రక్కు ఆటోలోకి ఎక్కించారు. చక్రాలు దొర్లకుండా సత్యశ్రీ వాటి మధ్యనే కూర్చుంది, గరిటెలు పట్టుకుని.

గట్టు దగ్గరికి రాకముందే చప్పుడు వినిపించింది. ముందు వాననుకున్నాడు. వాన కాదు. చప్పరింపు. ఆ సగం వెలుతురులో, ఈ గట్టునించి ఆ గట్టు దాకా, నీళ్ళు కనపడకుండా నోళ్ళు. గుండ్రటి నోళ్ళు తెరుచుకుంటూ, మూసుకుంటూ, మళ్ళీ తెరుచుకుంటూ. వాటికి గొంతు లేదు. అరవలేవు. పెదాలు గాలిని అందుకోబోయే చప్పుడే ఉంది, అది లక్షల నోళ్ళదయ్యేసరికి చెరువంతా ఒకే జీవమై రొప్పుతున్నట్టుంది. చేప చేపని తోసుకోవడం లేదు. మొన్న మేత దగ్గర అంత ఉప్పెనలా దొర్లినవే, ఇవాళ పక్కపక్కన ఆనుకుని, చెయ్యి పెడితే చేతికొచ్చేట్టు, మనిషంటే భయం కూడా మర్చిపోయి తేలుతున్నాయి. గట్ల మీద కొంగలు బారులు తీరి కూర్చున్నాయి. అవి కూడా తొందరపడటం లేదు.

ఆయిలింజను ఒకటి ఆ చివర నీళ్ళు తోడి నీళ్ళలోనే పోస్తోంది. పనివాళ్ళు మొలలోతు నీళ్ళలో నిలబడి చేతుల్తో, తెడ్లతో, తట్టలతో నీళ్ళని బాదుతున్నారు. వాళ్ళ మధ్యలో, చీర కచ్చ బిగించి, మహాలక్ష్మమ్మ గారు. రెండు చేతులా నీళ్ళు ఎగజిమ్ముతోంది. అతన్ని చూసి చేతులాపకుండానే అంది.

"నోటితో చేసింది చాల్లే గానీ, చేత్తో ఏం చేస్తావో చెయ్యి."

దుర్గాసాయి బూట్లు విప్పలేదు. అలాగే దిగాడు. అడుగున మెత్తటి బురద, కాళ్ళకి అటూ ఇటూ చేపల ఒళ్ళు తగులుతున్నాయి. చల్లటి, బలమైన ఒళ్ళు. తప్పుకోవడం లేదు అవి. నలుగురూ కలిసి ఏరియేటర్ల నీలం తెప్పల్ని నీళ్ళలోకి దించారు. జీవరాజు వెదురుని బురదలోకి గుచ్చి, ఊగకుండా దాని మీద ఒరిగితే, అతను తాడు రెండు చుట్లు తిప్పి బిగించాడు. మొదటి ముడి జారింది. రెండోది పడింది. వైరుని తల మీద ఎత్తి పట్టుకుని గట్టుకి తెచ్చి, షెడ్డులో స్టార్టరుకి కలిపాడు. అందరినీ పైకి రమ్మన్నాడు. ఒకళ్ళూ మిగల్లేదని చూసుకున్నాడు. ఎన్నో ఆసుపత్రుల్లో ఎన్నో మిషన్లకి స్విచ్చి వేసి చూపించాడు అతను, ఖాళీ మంచాల పక్కన. పచ్చ బొత్తాం మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

చక్రం ఒకసారి మూలిగింది. తర్వాత తిరిగింది. గరిటెలు నీళ్ళని పట్టుకుని పైకి విసిరేశాయి. తెల్లటి నురుగు మనిషెత్తు లేచి, అప్పుడే తూర్పున చీలిన వెలుగుని పట్టుకుని, ముత్యాలు చల్లినట్టు నాలుగు పక్కలా పడింది. రెండో చక్రమూ అందుకుంది. గట్టు మీద నిలబడ్డవాళ్ళ మొహాలన్నీ తడిశాయి. ఎవరూ తుడుచుకోలేదు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత దగ్గరున్న నోళ్ళు అటు తిరిగాయి. వాటి వెనకున్నవి. వాటి వెనకున్నవి. ఎవరో పిలిచినట్టు, చెరువు చెరువంతా మెల్లగా ఆ నురుగు వైపు తిరిగింది. నల్లటి తలలు బారులు బారులుగా, ఒకదాన్నొకటి దాటకుండా, ఏ తొక్కిసలాటా లేకుండా వస్తున్నాయి. నురుగు కిందికి చేరిన బారు కాసేపు అక్కడే ఆగి, నోళ్ళు తెరిచి తెరిచి, ఒక్కసారి తోక ఆడించి లోపలికి మునిగిపోతోంది. దాని చోట్లోకి ఇంకో బారు. మునిగిన చోటల్లా నీళ్ళు మళ్ళీ నీళ్ళై కనిపిస్తున్నాయి. జీవరాజు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

సత్యశ్రీ గట్టు అంచున గొంతుక్కూర్చుంది. కాళ్ళ దగ్గర ఒక పెద్ద బొచ్చె నోరు తెరుస్తోంది. ఆమె దాని నోటినే చూస్తోంది.

"నాన్న నోరు ఇలాగే ఉందండీ ఆవేళ" అంది. "ఇలాగే, అచ్చం."

ఆ బొచ్చె కదిలింది. ఎడమ పక్కకి ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, నురుగు వైపు వెళ్ళిపోయింది. అది వెళ్ళిన దారినే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది సత్యశ్రీ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు కొబ్బరిచెట్ల పైకొచ్చేసరికి చప్పరింపు ఆగిపోయింది. అవతలి మూల కొన్ని తెల్లగా తిరగబడ్డాయి. కొంగలు వాటి కోసం లేచాయి. మిగతా చెరువంతా, ఏమీ జరగనట్టు, ఆకాశాన్ని మోస్తూ నిశ్శబ్దంగా పడుకుంది. లోపల అన్ని ప్రాణాలున్నాయంటే ఎవరూ నమ్మరు. దుర్గాసాయి స్విచ్చి ఆపి, మళ్ళీ నీళ్ళలోకి దిగి, వదులైన తాడు బిగిస్తున్నాడు. షెడ్డులో అతను మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఫోను మోగింది.

"మేనేజరుగారే" అంది సత్యశ్రీ ఫోను చేతిలోకి తీసుకుని.

అతను తాడు పట్టుకునే ఆగిపోయాడు. ఆమె అతని వైపు, చక్రాల వైపు చూసింది. ఫోను చెవికి పెట్టుకుంది.

"నమస్కారమండీ. లేదండీ, ఆయన చెరువులో ఉన్నారు. అవునండీ, చెరువులోనే. ఇంక మీ దగ్గరికి రారండి. నేనే చెబుతున్నాను. ఉంటానండీ."

ఫోను మళ్ళీ జేబులో పెట్టి, చొక్కా దులిపి మేకుకి సరిగ్గా తగిలించింది. దుర్గాసాయికి కళ్ళు మండాయి. చెరువు నీళ్ళు పడ్డాయనుకుని మొహం తుడుచుకున్నాడు.

మహాలక్ష్మమ్మ గారు కచ్చ విప్పుకుని, గట్టు కింద బోదె కాలవలో కాళ్ళు కడుక్కుంటోంది. "నీ నోరు మంచిది కాదు గానీ అబ్బాయ్, నీ మిషను మంచిదే" అంది. "ఈ రెండూ ఇక్కడే ఉండనీ. ఆ పక్క చెరువులకి కూడా పట్రా. జీవరాజు చెబుతాడు ఎన్నో."

ఆ మాట వినడానికే అతను మూడు రోజుల్నించి తిరిగాడు. తీరా విన్నాక అది చెవి పక్కనించి పోయింది. నీళ్ళు కారుతూ గట్టెక్కి, చెరువు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఊపిరి మిషన్లు అమ్ముతూ ఎనిమిదేళ్ళు తిరిగానండమ్మా. ఒక్క ఊపిరి లోపలికెళ్ళడం ఈ కళ్ళతో చూడలేదండి. ఇవాళ చూశాను. చూశారా అండీ, ఒక్క పూటలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో! దిష్టి అనుకోకండి, అనకుండా ఉండలేకపోతున్నాను."

జీవరాజు ఈసారి ఉమ్మలేదు. సత్యశ్రీ మొగుడి మొహంలోకి చూసింది. పెళ్ళైన కొత్తలో ఎప్పుడో చూసిన మొహం అది.

మహాలక్ష్మమ్మ గారు రెండో కాలు కూడా కడుక్కుని, చీర చెంగు పిండుకుని, గట్టెక్కింది.

"నిలవడమేంటబ్బాయ్? మంగళవారం చేప పట్టుబడి. వల వేసేదాకా ఊపిరుంటే చాలు. తేలి చచ్చిన చేపని, కొనే కలకత్తా యాపారి కన్నెత్తి చూడడు."